వంటిల్లు ఎవరిదైనా, బల్ల అందరిదీ



మహానగరాలు గొప్ప చెప్పుకోవలసి వస్తే ఈ రోజుల్లో తిండి జాబితా ముందు పెడుతున్నాయి. మా ఊళ్లో ఇన్ని దేశాల వంటలు దొరుకుతాయి, అర్ధరాత్రి అడిగినా వేడివేడిగా వడ్డిస్తారు అని పర్యాటక శాఖలు ప్రకటనలు వేయిస్తున్నాయి. హైదరాబాదు కూడా ఈ పోటీలో వెనకబడలేదు. నిజాం సైన్యంలో కొలువుకని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే పేట బార్కస్. అక్కడి మండీ అనే వంటకం ఇప్పుడు నగరమంతా దాటి జిల్లా కేంద్రాల దాకా పాకింది. మంచిదే. అయితే ఇలాంటి జాబితా చెప్పే సంగతి ఒక్కటే: జేబులో డబ్బుంటే ఈ ఊళ్లో ఏమేం కొనుక్కోవచ్చో. ఎవరి పక్కన ఎవరు కూర్చుని తింటున్నారో అది చెప్పదు. పది దేశాల వంటలను పది గదుల్లో, పది వేరువేరు గుంపులకు వడ్డించే నగరం కూడా ఉండవచ్చు. అక్కడ రుచుల్లో ఎంత వైవిధ్యం ఉన్నా పంక్తిలో ఏమీ ఉండదు. బయటి తిండి గురించి ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఈ పంక్తి సంగతి. వేరువేరు మతాలూ భాషలూ ఆచారాలూ ఉన్నవాళ్లు రోజూ ఒకచోట కూర్చుని తినాలంటే మంచి మనసులు చాలవు, మసాలాల మహిమ అసలే చాలదు. దానికి బల్లలు వేయాలి, అద్దెలు కట్టడి చేయాలి, నీళ్లూ మురుగూ చూడాలి, అన్నిటికన్నా ముందు వంటింటినీ బల్లనూ విడదీయాలి. ఈ మాట నిలుస్తుందో లేదో పరీక్షించడానికి సింగపూర్ కన్నా అనువైన నగరం లేదు.

సింగపూర్ జనాభా సుమారు 60 లక్షలు. పౌరులనూ శాశ్వత నివాసులనూ కలిపి చూస్తే, 2020 జనగణన ప్రకారం నూటికి 74 మంది చైనీయులు, 13 మందికి పైగా మలయ్‌లు, 9 మంది భారతీయ మూలాలవాళ్లు. అధికార భాషలు నాలుగు: మలయ్, మాండరిన్, తమిళం, ఇంగ్లిష్. ఇంత చిన్న దీవిలో హాకర్ సెంటర్లని పిలిచే ప్రజా భోజనశాలలు 120 దాకా ఉన్నాయి. పైకప్పు ఉంటుంది, గోడలు ఉండవు, తలమీద పంకాలు తిరుగుతుంటాయి. చుట్టూ చిన్న చిన్న స్టాళ్లు వరసగా ఉంటాయి. ఒక్కో స్టాలు ఒకటి రెండు వంటకాలే చేస్తుంది. ఒకరు హైనాన్ పద్ధతిలో ఉడికించిన కోడీ, ఆ కోడినీటిలోనే వండిన అన్నమూ అమ్ముతారు. పక్కన మలయ్ కుటుంబం కొబ్బరిపాలతో వండిన నాసి లెమాక్ పెడుతుంది. ఆ పక్కన తమిళ ముస్లిం ఒకరు పిండిని గాల్లోకి విసిరి ప్రాటా కాలుస్తుంటారు, ఇంకొకరు టీని ఒక లోటాలోంచి ఇంకో లోటాలోకి బారెడు ఎత్తు నుంచి పోస్తుంటారు. మధ్యలో మాత్రం అన్ని స్టాళ్లకూ ఉమ్మడిగా బల్లలు. ఎక్కడ కొన్నది ఎక్కడైనా కూర్చుని తినవచ్చు. ఖాళీ కుర్చీ మీద ఒక టిష్యూ పొట్లం పెట్టి వెళితే ఆ చోటు వాళ్లదే. రాతలో ఎక్కడా లేని ఈ చట్టాన్ని అందరూ పాటిస్తారు. దీన్నంతా కలిపి యునెస్కో 2020 డిసెంబర్‌లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. బహుళ సంస్కృతుల నగరంలో సామూహికంగా భోజనం చేసే పద్ధతి అనే అర్థం వచ్చేలా ఆ నమోదుకు పేరు కూడా పెట్టారు.

ఇందులో కొత్తేముంది, మన షాపింగ్ మాళ్లలో ఫుడ్ కోర్టులు లేవా అని మీరు అడగవచ్చు. దానికి తర్వాత వస్తాను. ముందు ఈ ఏర్పాటు లోపలి కీలకం చూడాలి. మామూలు హోటల్లో బల్ల వంటింటి సొత్తు. ఆ వంటింట్లో వండినదాన్ని తినగలిగినవాళ్లకే ఆ బల్ల దగ్గర చోటు. పందిమాంసం వండే హోటల్లో ముస్లిం కూర్చోలేడు. గొడ్డుమాంసం వండేచోట చాలామంది హిందువులు, బౌద్ధ చైనీయుల్లో కొందరు కూర్చోరు. శుద్ధ శాకాహార హోటల్లోకి మాంసం లేనిదే ముద్ద దిగని మిత్రుణ్ణి తీసుకెళితే అతను మొహమాటానికి ఇడ్లీ నలుపుతాడు. నలుగురు నాలుగు ఆచారాలవాళ్లయితే ఆ నలుగురికీ సరిపడే హోటలు దొరకడం కష్టం. దొరికినా ముగ్గురు సర్దుకోవాలి. హాకర్ సెంటర్ ఈ చిక్కును తెలివిగా దాటేసింది. వంటిళ్లను వేరువేరుగా ఉంచి బల్లను ఏ వంటింటికీ చెందకుండా చేసింది. నాసి లెమాక్ తినే ఆమె ఎదురుగా పంది ఎముకల సూపు తాగే అతను కూర్చోవచ్చు, వాళ్లిద్దరి పక్కన వెజిటేరియన్ నూడుల్స్ తినే బౌద్ధ వృద్ధురాలు కూర్చోవచ్చు. ఎవరూ ఎవరి తిండినీ రుచి చూడనక్కరలేదు, మెచ్చుకోనక్కరలేదు. కలిసి తినడమంటే ఒకే కుండలోది తినడమని మనకు ఒక గట్టి నమ్మకం. ఆ షరతు పెడితే కలిసి తినేవాళ్ల సంఖ్య ఎప్పుడూ తక్కువే ఉంటుంది. ఆ షరతు తీసేశారు కాబట్టే సింగపూర్‌లో పంక్తి అంత పొడుగైంది.

చిత్రమేమిటంటే, దీన్ని కట్టినవాళ్లు మొదట పెట్టుకున్న లక్ష్యం మతసామరస్యం కాదు. దేశం పుట్టేనాటికి సింగపూర్ వీధుల్లో బుట్టలతో, కావళ్లతో, తోపుడుబళ్లతో తిండి అమ్మేవాళ్లు వేలల్లో ఉన్నారు. ఉద్యోగాలు లేని నగరంలో తక్కువ పెట్టుబడితో బతకగలిగిన దారి అదొక్కటే. కుళాయి లేదు. ఒక బకెట్టు నీళ్లతోనే రోజంతా గిన్నెలు కడిగేవాళ్లు. మిగిలిన జిడ్డునీళ్లు కాలువల్లోకి, కాలువల్లోంచి నదిలోకి పోయేవి. టైఫాయిడ్, కలరా భయం ఎప్పుడూ ఉండేది. వలస ప్రభుత్వం 1950లోనే ఒక విచారణ సంఘంతో నివేదిక రాయించింది. అసలు పని మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక మొదలైంది. 1968, 69 సంవత్సరాల్లో దీవి మొత్తం మీద హాకర్ల పేర్లు నమోదు చేశారు. 1971 నుంచి 1986 వరకు, పదిహేనేళ్లపాటు, కుళాయిలూ కరెంటూ మురుగుకాలువలూ ఉన్న భోజనశాలలు కట్టి వీధి వ్యాపారులను వాటిలోకి తరలించారు. 1977లో మొదలైన సింగపూర్ నది ప్రక్షాళనలోనే దాదాపు 5 వేలమంది హాకర్లు చోటు మారారు. లైసెన్సు లేనివాళ్ల మీద దాడులు జరిగాయి, బళ్లు పట్టుకుపోయారు. వీధిలో అలవాటైన గిరాకీ పోతుందని ఏడ్చినవాళ్లూ ఉండే ఉంటారు. ఇదంతా పూలదారి అని నేను చెప్పబోవడం లేదు. అయితే ఫలితం చూడండి. పారిశుద్ధ్యం కోసం ఒకే కప్పు కిందికి తేవడంతో, అంతకు ముందు చైనా పేటలో ఒక దారిలో, కాంపాంగ్ అనే మలయ్ పల్లెలో ఇంకో దారిలో, భారతీయులుండే సెరంగూన్ రోడ్డులో మరో దారిలో విడివిడిగా ఉన్న వంటిళ్లు గోడకు గోడ ఆనుకున్నాయి. నీళ్లూ మురుగూ పంచుకోవలసి వచ్చినప్పుడు బల్లలూ పంచుకోవలసి వచ్చింది. ఉద్దేశం ఏదైనా ఏర్పాటు తన పని తాను చేసుకుపోయింది. నా వాదానికి ఇది బలమే తప్ప బలహీనత కాదు.

ఆ నగరానికి ఈ పంక్తి తేలికగా అబ్బే వరం కూడా కాదు. 1964 జూలైలో ప్రవక్త జయంతి ఊరేగింపు నాడు చైనీయులకూ మలయ్‌లకూ మధ్య అల్లర్లు రేగాయి. సెప్టెంబర్‌లో మళ్లీ రేగాయి. రెండు విడతల్లో కలిపి 36 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఆగస్టులో మలేసియా నుంచి విడిపోయిన దేశం ఇది. అంటే మొదటి హాకర్ సెంటర్ల బల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లందరికీ ఆ అల్లర్లు స్వయంగా గుర్తున్నాయి. సహనం వాళ్ల నెత్తుటిలోనే ఉందని ఎవరూ అనలేరు.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. తిండి దగ్గర మనుషులు వాళ్లంతట వాళ్లే కలుస్తారు, ఆకలికి కులమతాలు లేవు, దీనికి ప్రభుత్వమూ చట్టమూ ఎందుకు అని. చరిత్ర చూస్తే ఈ మాట నిలవదు. తిండి దగ్గర మనుషులు కలిసినదానికన్నా విడిపోయిందే ఎక్కువ. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరో పట్టణంలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలోని భోజనాల కౌంటర్ దగ్గర కుర్చీల్లో కూర్చున్నారు. అదే దుకాణం వేరే కౌంటర్లలో వాళ్ల డబ్బు తీసుకుని సరుకులు అమ్మింది. కూర్చుని కాఫీ తాగడానికి మాత్రం ఒప్పుకోలేదు. అక్కడ రుచికి అడ్డు లేదు, వ్యాపారానికి అడ్డు లేదు, కుర్చీకే అడ్డు. ఆ కుర్చీ దేశమంతటా చట్టబద్ధం కావడానికి 1964 నాటి పౌరహక్కుల చట్టం కావలసి వచ్చింది. బ్రిటన్‌లో హోటళ్లలో జాతిని బట్టి కాదనడాన్ని నిషేధించింది 1965 చట్టం. మన సంగతి చెప్పనక్కరలేదు. రైల్వే స్టేషన్లలో హిందూ పానీ, ముస్లిం పానీ అని వేరువేరు కుండలు పెట్టిన దేశం మనది. బ్రాహ్మణ కాఫీ హోటల్ అని బోర్డు కట్టుకున్న ఊళ్లు మద్రాసు రాష్ట్రం నిండా ఉండేవి. ఒక హోటలు బోర్డు మీది ఆ మాటను తీయించడానికి పెరియార్ అనుచరులు 1957లో మద్రాసులో నెలల తరబడి పికెటింగ్ చేయవలసి వచ్చింది. అప్పటికి రాజ్యాంగం అమలులోకి వచ్చి ఏడేళ్లు. ఆ రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం ఉంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు చూపి దుకాణాల్లోకి, హోటళ్లలోకి ఎవరినీ రానివ్వకుండా ఆపరాదని అది చెబుతుంది. మహాశాసనంలో కాఫీ హోటలుకు చోటు దొరకడం వింత అనిపించవచ్చు. హోటలు గడప దగ్గర ఏం జరిగేదో తెలిసినవాళ్లు రాశారు కాబట్టి దొరికింది.

చట్టం గడప దాటించింది, నిజమే. బల్ల దాకా తీసుకెళ్లిందా? తెలుగు పల్లెల్లో చాలాకాలం నడిచిన, కొన్నిచోట్ల ఇంకా పేరు మార్చుకుని నడుస్తున్న రెండు గ్లాసుల పద్ధతి మనందరికీ తెలుసు. టీ కొట్టుకు దళితుడు రావచ్చు, డబ్బు ఇవ్వవచ్చు, టీ తాగవచ్చు. అతని గ్లాసు మాత్రం వేరే చోట ఉంటుంది, తాగాక అతనే కడిగిపెట్టాలి, బల్ల మీద కూర్చోకూడదు. తలుపు తెరిచిన చట్టం గ్లాసు దగ్గర ఆగిపోయింది. ఎందుకంటే గ్లాసు ఎవరు కడగాలి, బల్ల ఎవరిది అన్న ప్రశ్నలు కొట్టు యజమాని చేతిలోనే మిగిలిపోయాయి. ప్లాస్టిక్ కప్పులు వచ్చాక చాలా ఊళ్లలో ఆ తేడా కనబడకుండా పోయింది. మనసులు మారాయో కప్పులే మారాయో చెప్పడం కష్టం. కప్పు మారినా కొంత మేలు జరిగిందని మాత్రం ఒప్పుకోవాలి.

ఈ విమర్శనే తిప్పి సింగపూర్ మీద ప్రయోగించవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. 2021 సెప్టెంబర్ నుంచి హాకర్ సెంటర్లలో తిన్న ట్రేను ఎవరికి వాళ్లే తీసుకెళ్లి రాక్‌లో పెట్టాలి, లేకపోతే చర్య తీసుకుంటారు. ఆ రాక్‌లు రెండు రకాలు: హలాల్ ట్రేలకు ఒకటి, మిగతావాటికి ఒకటి. చాలాచోట్ల పళ్లేల రంగులు కూడా వేరు. మరి ఇది రెండు గ్లాసుల పద్ధతి కాదా? పైపైన చూస్తే అలాగే ఉంది. లోపల చూస్తే రెండూ పూర్తిగా విరుద్ధం. రెండు గ్లాసుల పద్ధతిలో విభజన రేఖను గీసేది యజమాని, అదీ మనిషి పుట్టుకను బట్టి. గ్లాసు వేరు చేయడం ద్వారా ఒకణ్ణి కింది మెట్టు మీద నిలబెడతాడు. అతనికి ఇష్టమున్నా లేకపోయినా ఆ మెట్టు మారదు. రాక్‌ల దగ్గర గీత తిండికి సంబంధించింది. చైనీయుడు మధ్యాహ్నం నాసి లెమాక్ తింటే అతని పళ్లెం హలాల్ రాక్‌లోకే వెళుతుంది. అక్కడ మనిషి కులగోత్రాలు ఎవరూ అడగరు. ఆ వేర్పాటు కోరుకున్నది కూడా దాన్ని పాటించేవాళ్లే. అది ఉందన్న భరోసాతోనే వాళ్లు ఆ కప్పు కిందికి వస్తున్నారు. కొన్ని చైనీ స్టాళ్లు పంది మాంసమూ లేదు, పంది కొవ్వూ లేదు అని బోర్డు పెట్టుకుంటాయి. ముయిస్ అనే ఇస్లామిక్ మండలి 1978 నుంచి హలాల్ ధ్రువపత్రాలు ఇస్తోంది. ఇంత జాగ్రత్త ఉన్నా తృప్తి పడని, పందిమాంసం తిన్న బల్ల దగ్గర కూర్చోని ముస్లింలు కొందరు ఉంటారు. అది వాళ్ల ఇష్టం. ఏర్పాటు పని అందరినీ ఒప్పించడం కాదు. ఎవరి నియమం వాళ్లు చెడగొట్టుకోకుండా ఎంతమంది కలవగలరో అంతమందికి చోటు చూపడం.

మనుషులను కలిపి కూర్చోబెట్టడానికి మన సంస్కర్తలు వేరే దారి పట్టి సహపంక్తి భోజనాలు పెట్టారు. ధైర్యవంతుల పని అది. వాటికి వెళ్లినవాళ్లను ఇళ్లలోంచి వెళ్లగొట్టారు, వెలి వేశారు. అయితే సహపంక్తి భోజనం ఒక పండగ లాంటిది. ముందు ప్రకటిస్తారు, ఆ పూట అందరూ ఒకే వంట తింటారు, పెద్దవాళ్లు ఉపన్యాసం చెబుతారు, ఎవరి ఇంటికి వాళ్లు వెళతారు. మరునాటి మధ్యాహ్నం ఆకలికి దానితో సంబంధం లేదు. రాజకీయ నాయకులు దళితవాడలో విస్తరి వేసుకుని ఫోటో దిగే నేటి తంతు అయితే చెప్పనే అక్కరలేదు. దానిలో తినేవాడు ఉపకారం చేస్తున్నట్టు కూర్చుంటాడు. హాకర్ సెంటర్ బల్ల దగ్గర ఎవరూ ఎవరికీ ఉపకారం చేయరు. బంతిలో వలపక్షం చూపేందుకు వడ్డించేవాడే లేడు. వరసలో నిలబడి, డబ్బిచ్చి, ట్రే పట్టుకుని, ఖాళీ ఎక్కడుందో వెతుక్కోవడమే. ఎదురుగా ఎవరున్నారో పట్టించుకోకపోవడం మర్యాద తక్కువ కాదక్కడ. అదే ఆ చోటి సాధన అని నా అభిప్రాయం.

రెండో అభ్యంతరం మార్కెట్‌ను నమ్మేవాళ్లది. లండన్‌లో ప్రభుత్వం బల్లలు వేసిందా? ప్రపంచంలోని వంటలన్నీ అక్కడ దొరకడం లేదా? దొరుకుతున్నాయి. 1926లో రీజెంట్ స్ట్రీట్ దగ్గర వీరాస్వామి హోటలు తెరిచిన ఎడ్వర్డ్ పామర్ నిజాం కాలపు హైదరాబాదులో బ్యాంకు నడిపిన పామర్ల వంశంవాడే. ఆ తర్వాత బ్రిటన్ ఊరూరా ఇండియన్ హోటళ్లు వెలిశాయి. వాటిలో ఎక్కువ భాగం నడిపింది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వాళ్లు. ఆంగ్లేయుడు కూరకు అలవాటు పడ్డాడు, రాజకీయ నాయకులు చికెన్ టిక్కా మసాలాను జాతీయ వంటకమని పొగిడారు. కాదనను. కానీ ఆ హోటల్లో ఆంగ్లేయుడు బల్ల దగ్గర, సిల్హెటీ వంటింట్లో. ఒకరు తినేవారు, ఒకరు వడ్డించేవారు. పని ముగిసిన సిల్హెటీ యువకుడు ఆ ఆంగ్లేయుడి ఎదుట కూర్చుని తన పాటికి తాను తినే చోటు ఆ ఏర్పాటులో లేదు. మార్కెట్ రుచిని సరిహద్దులు దాటించగలదు, అందులో దాని నేర్పు గొప్పది. పంక్తిని దాటించడం దానికి లాభసాటి కాదు. హోటలు యజమాని ఒకే రకం గిరాకీని కోరుకుంటాడు. అద్దె ఎంత ఎక్కువైతే ఆ గిరాకీ అంత సన్నబడుతుంది. మాల్ ఫుడ్ కోర్టు కూడా ఇక్కడే ఆగిపోతుంది. వంటిళ్లు చుట్టూ, బల్లలు మధ్యన, ఆకారం అచ్చం అదే. కానీ గేటు దగ్గర సెక్యూరిటీ, లోపల దోశ ధర కలిసి ఆ మాల్‌ను కట్టిన కూలీని బయటే ఉంచేస్తాయి. సింగపూర్‌లో నాలుగైదు డాలర్లకు పూట గడిచే బల్ల దగ్గర ఆఫీసు మేనేజరూ టాక్సీ డ్రైవరూ ఒకే చికెన్ రైస్ కోసం వరసలో ఉంటారంటే, అద్దె కట్టడి చేసి, లైసెన్సు ఇంకొకరికి అద్దెకివ్వకుండా ఆపిన చెయ్యి ఒకటి వెనక ఉంది.

ఇకపోతే, పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన స్నేహం పుడుతుందా అని అడిగేవాళ్లున్నారు. పుట్టదు. బస్సులో పక్కసీటు మనిషితో మనకు చుట్టరికం కలవడం లేదు గదా. అయితే గోడకు గోడ ఆనుకున్న వంటిళ్లు ఊరకే ఉండవు. చైనీయుల పసుపుపచ్చ నూడుల్స్ తమిళ ముస్లింల పెనం మీద పడి 'మీ గోరెంగ్' అనే ఎర్రటి వేపుడు అయింది. చేపతలను ఇష్టంగా తినే చైనీ గిరాకీ కోసం కేరళ నుంచి వెళ్లిన ఎం.జె. గోమెజ్ 1949 ప్రాంతంలో చేపతల కూర మొదలుపెట్టాడని చెబుతారు. అది అచ్చంగా కేరళదీ కాదు, చైనాదీ కాదు. ఇలాంటివి ముచ్చటైనవే గాని వాటి మీద సామరస్య సౌధాలు కట్టడం నాకు ఇష్టం లేదు. ప్రాటాను మెచ్చుకునేవాడు ప్రాటా చేసేవాడి కొడుక్కి ఇల్లు అద్దెకివ్వకపోవచ్చు. ఆ సంగతి సింగపూర్ పాలకులకు కూడా తెలుసు. అందుకే ప్రభుత్వ గృహసముదాయాల్లో ఏ బ్లాకులో ఏ జాతివాళ్లు ఎంతమంది ఉండవచ్చో 1989లో పరిమితులు పెట్టారు. బల్ల ఇంటి సమస్య తీర్చలేదు. తీరుస్తుందని అనుకోవడమే పొరపాటు.

ఇంతకన్నా గట్టి ప్రశ్న ఒకటుంది. ఈ బల్ల దగ్గర లేనిదెవరు? 2013 డిసెంబర్ 8, ఆదివారం రాత్రి లిటిల్ ఇండియాలోని రేస్ కోర్స్ రోడ్డులో ఒక భారతీయ భవన నిర్మాణ కార్మికుడు బస్సు కింద పడి చనిపోయాడు. దాని మీద దాదాపు 300 మంది వలస కార్మికులు తిరగబడ్డారు, అంబులెన్సూ పోలీసు కార్లూ తగలబడ్డాయి. అరిటాకు భోజనాల హోటళ్లకు పేరుపడిన వీధి అది. 1964 తర్వాత ఆ ఊరు చూసిన పెద్ద అల్లర్లలో ఇదొకటి. ఆ కార్మికులు వారంలో ఆరు రోజులు ఊరి అంచు డార్మిటరీల్లో ఉండి, కేటరింగ్ వాళ్లు రాత్రిపూట వండి తెల్లవారకముందే పంపే పొట్లాల మీద బతుకుతారు. ఉదయం అందిన అన్నం మధ్యాహ్నం ఎండలో విప్పుకుంటారు. తమిళులతోపాటు మన తెలుగు జిల్లాల నుంచి, బంగ్లాదేశ్ నుంచి వెళ్లినవాళ్లు అందులో ఉన్నారు. హాకర్ సెంటర్లోకి వాళ్లు రాకూడదని ఏ చట్టమూ లేదు. రావడానికి వాళ్ల దినచర్యలో వేళ లేదు, జీతంలో వీలు లేదు. స్టాలు వెనక నిలబడి వండే హక్కు కూడా చాలాకాలం పౌరులకూ శాశ్వత నివాసులకూ మాత్రమే ఉండేది. కుటుంబ వీసాల మీద ఉన్నవాళ్లను సహాయకులుగా పెట్టుకోవడానికి 2025 జనవరి నుంచే ఒప్పుకున్నారు. కార్మిక పర్మిట్ ఉన్నవాళ్లకు ఆ వీలు ఇంకా రాలేదు. కాబట్టి యునెస్కో మెచ్చిన ఆ పంక్తికి ఒక కొస ఉంది. కొస ఎక్కడుందో కూడా ఏర్పాటే నిర్ణయించింది. చేర్చడం ఎలా ఏర్పాటు పనో, వదిలేయడమూ దాని పనే.

లోపల ఉన్నవాళ్ల కష్టం ఇంకో రకం. వీధి నుంచి తరలివచ్చిన మొదటి తరం హాకర్లకు నెలకు 320 డాలర్లో అంతకన్నా తక్కువో అద్దె ఖాయం చేశారు. ఆ తరం ఇప్పుడు ముసలిదైంది. హాకర్ల మధ్యస్థ వయసు 60 దగ్గర ఉంది. తెల్లవారుజామున లేచి, పొయ్యి సెగలో పన్నెండు గంటలు నిలబడి, ప్లేటు ధర అర డాలరు పెంచితే గిరాకీ గొణుగుడు వినే వృత్తిలోకి చదువుకున్న పిల్లలు రావడం లేదు. కొత్తగా వచ్చేవాళ్లు స్టాళ్లను వేలంలో పాడుకోవాలి. 2024లో ఒక స్టాలుకు నెలకు 10 వేల డాలర్లు దాటి పాట వెళ్లింది. 2016లో మిషెలిన్ హోటళ్ల గైడు వాళ్లు రెండు హాకర్ స్టాళ్లకు నక్షత్రాలు ఇచ్చినప్పుడు రెండు డాలర్ల కోడికి నక్షత్రం వచ్చిందని ప్రపంచమంతా మురిసిపోయింది. ఆ రెండు డాలర్లలో వంటవాడి వీపునొప్పికి ఎంత వాటా అని అడిగినవాళ్లు కొద్దిమందే. పంక్తిని చవగ్గా ఉంచే ఖర్చును మొదట ప్రభుత్వం అద్దె రూపంలో భరించింది. ఆ తర్వాత క్రమంగా అది వండేవాళ్ల ఒంటి మీదికి జారింది. మద్దతు వెనక్కి తీసుకుంటే ఇది మామూలు వ్యాపారమై, మామూలు వ్యాపారంలాగే గిరాకీని ఏరుకోవడం మొదలుపెడుతుంది.

మన దగ్గర ఇలాంటిది అసలే లేదని అనలేం. హైదరాబాదు ఇరానీ హోటలు తన రోజుల్లో ఆ పని కొంత చేసింది. చలువరాతి బల్ల దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకే రకం కప్పులో అందరికీ టీ పోసి, ఉస్మానియా బిస్కెట్టు ముందు పెట్టి, ఎంతసేపు కూర్చున్నా లేవమనకుండా ఊరుకునేది. కూడళ్లలో భూమి ధర పెరిగాక ఆ ఓపిక ఖరీదైపోయింది, ఒకటొకటే మూతపడుతున్నాయి. ఇప్పుడు నగరానికి ఎక్కువమంది తిండి పెడుతున్నవి టిఫిన్ బళ్లు. ఐటీ ఉద్యోగీ ఆటో డ్రైవరూ ఒకే బండి దగ్గర ఇడ్లీ తింటున్నారు, నిలబడి, చేతిలో కాగితం పళ్లెంతో, పక్కన పారే మురుగు చూస్తూ. వీధి వ్యాపారుల రక్షణకు 2014లో పార్లమెంటు చేసిన చట్టం మంచి చట్టమే. సర్వేలు చేయాలంది, పట్టణ విక్రయ కమిటీలు వేయాలంది, విక్రయ మండలాలు గుర్తించాలంది, జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకు చోటు చూపాలంది. చాలాచోట్ల విక్రయ మండలమంటే రోడ్డు పక్క ఒక గీతా ఒక బోర్డూ. ఆ గీత లోపల కుళాయి ఎవరు వేస్తారు, జిడ్డునీళ్లు ఏ కాలువలోకి పోతాయి, బళ్ల మధ్య పదిమంది కూర్చునే బల్ల ఎవరిది, సాయంత్రం దాన్ని ఎవరు కడుగుతారు? మునిసిపల్ బడ్జెట్ తయారయ్యేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలూ ఏ పద్దు కింద రాయాలో మన వార్డు సభ్యుణ్ణి అడిగి చూడవచ్చు. సింగపూర్‌కు ఆ లెక్క తేలడానికి పదిహేనేళ్లు పట్టింది.